కొయ్యపలకపై కాలము

ఇటలీదేశమున విందులందు అతిథులు కూర్చుండిన వెంటనే ప్రధానాహారము వడ్డింపరు. మొదట బల్ల నడుమ ఒక వెడల్పాటి కొయ్యపలకను తెచ్చి ఉంచెదరు. దానిపై కాగితమువలె పలుచగా కోసిన ఉప్పుమాంసపు పొరలు, చీజు ముక్కలు, ప్రక్కన రొట్టె, ఆలివు కాయలు ఉండును. ఆ పలకకు ‘తల్యేరె’ అని పేరు; కోయుట అను అర్థముగల ధాతువునుండి ఆ మాట పుట్టినది. ఇట్టి తొలివడ్డనను ‘అంతిపాస్తో’ అందురు. అనగా భోజనమునకు ముందరిది. పలక అందరికిని ఒక్కటే. ఎదుటివానికి అందించి తాను తీసికొనుట అచటి మర్యాద.

ఈ విలాసము పేదరికమున పుట్టినది. చలికాలమున వధించిన పందిమాంసమును ఏడాది పొడుగున నిలువచేసికొనవలెను. అందుకు చవుకయైన సాధనము ఉప్పు. ఉప్పు మాంసమునందలి నీటిని లాగివేయును. నీరు తగ్గినచోట కుళ్లజేయు సూక్ష్మజీవులు పెరుగజాలవు. క్రీ.పూ. 2వ శతాబ్దమున రోమనుడైన కాటో రచించిన కృషిగ్రంథమునందే తొడమాంసమును ఉప్పున ఊరవేయు విధానము కలదు. నేటికిని పార్మా మండలమున పంది వెనుకతొడకు ఉప్పు తప్ప వేరొకటి చేర్పక, గాలికి వ్రేలాడగట్టి, ఏడాదికి పైగా ఆరబెట్టుదురు. పిమ్మట పరీక్షకుడు గుర్రపు ఎముకతో చేసిన సూదిని అక్కడక్కడ గ్రుచ్చి వాసన చూచును. ఆ ఎముక వాసనను వెంటనే పీల్చుకొని త్వరలోనే విడుచును.

చీజును మనవారు జున్ను అని అనువదించుట కలదు. కాని మన జున్ను ఈనిన పశువు తొలిపాలతో వండినది. ఇది పాలను విరుగజేసి, నీరు తీసి, మాగవేసినది. ‘పార్మిజానో రెజ్జానో’ అను గట్టిచీజునకు సాయంకాలపు పాలను రాత్రి నిలువయుంచి, మీగడ తీసి, ఉదయపు పాలతో కలిపి రాగి కాగులలో కాచెదరు. సుమారు 40 కిలోల చక్రమొకటి చేయుటకు 500 లీటర్లకు పైగా పాలు కావలెను. అది కనీసము 12 నెలలు, తరచుగా 24 నెలలును అంతకు మించియు ఎత్తైన కొయ్య అరలపై మాగును. లోపల పగుళ్లున్నవేమోయని చిన్న సుత్తితో తట్టి, ధ్వనినిబట్టి గుర్తించెదరు. ఈ చక్రములను తాకట్టుగా స్వీకరించి అప్పిచ్చు బ్యాంకు కూడ అచట కలదు. ఏలయన, పాలకు నేడు వెచ్చించిన ధనము చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును.

ఆ ఓర్పునకు 2012లో కఠిన పరీక్ష ఎదురయ్యెను. మే 20, 29 తేదీలలో ఎమీలియా ప్రాంతమును భూకంపములు కుదిపివేసినవి. ఇరువదిమందికి పైగా మరణించిరి. మాగుడు గిడ్డంగులలో అరలు ఒకదానిపై నొకటి కూలి, లక్షలాది చక్రములు నేలపాలైనవి. పగిలిన చక్రము ఇక మాగజాలదు. వెంటనే అమ్ముడుపోవలెను, లేనిచో వృథాయగును. ఎన్నో కుటుంబముల రెండేండ్ల శ్రమ ఆ నేలమీద పడియుండెను.

అప్పుడు మోదెనా నగరపు ప్రసిద్ధ పాకశాస్త్రజ్ఞుడు మాస్సిమో బొత్తూరా ఒక ఉపాయము పన్నెను. బియ్యము, ఈ చీజు, మిరియాలు కలిపి ఎవరైనను ఇంట వండుకొనదగిన వంటకమొకటి కల్పించి లోకమునకు చాటెను. ఆ ఏటి అక్టోబరులో ఒకే రాత్రి ఇటలీయందును ఇతర దేశములందును వేలాదిమంది దానిని వండుకొనిరి. దెబ్బతిన్న చీజు కొనువారిని వెదకికొని పోయెను. పాలకేంద్రములు తిరిగి నిలద్రొక్కుకొనినవి.

వారు చేసినది దానము కాదు. ఒకే పలకనుండి తలయొక ముక్క తీసికొనుట మాత్రమే. బల్ల చుట్టు నలుగురు కూర్చుండి ప్రతిదినము చేయు పనిని, ఆ ఏడు దేశదేశముల ప్రజలు చేసిరి. ఏండ్ల ఓర్పుతో ఒకరు మాగించినది పలువురు పంచుకొన్నప్పుడే నిలిచినది.