బిగిసిన భుజం – అతిధ్వనుల సాక్ష్యం

తల దువ్వుకొనడానికి చేయి లేవదు. వీపు వెనుకకు చేయి పోదు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర పట్టదు. నలభై, అరవై ఏండ్ల మధ్య ఎక్కువగా కనిపించే ఈ బాధకు 1934లో అమెరికన్ వైద్యుడు కాడ్‌మన్ ‘ఫ్రోజెన్ షోల్డర్’ అని పేరు పెట్టాడు. గడ్డకట్టిన భుజమని అర్థం. మధుమేహం ఉన్నవారికి ఇది మరింత తరచుగా వస్తుంది.

భుజం కీలును చుట్టి ఒక పలుచని తిత్తి ఉన్నది. చేయి దించినపుడు చంక వైపున అది వదులుగా ముడతలు పడి ఉంటుంది. ఎత్తగానే ఆ ముడతలు విచ్చుకుంటాయి. ఈ తిత్తి వాచి, దళసరియై, కుంచించుకొని పోవడమే వ్యాధి. అందుచేత రోగి తానుగా ఎత్తలేకపోవడమే కాదు, వైద్యుడు పట్టి తిప్పినా చేయి తిరగదు. మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పి చూస్తే ఈ బిగువు ముందుగా బయటపడుతుంది.

అయితే చేతిని ఎత్తే కండరాల స్నాయువు చిరిగినా చేయి లేవదు. అందులో సున్నం పేరుకున్నా విపరీతమైన నొప్పి పుడుతుంది. ఒకదానికి చేయవలసిన చికిత్స మరొకదానికి పనికిరాదు. ఎక్స్-రే ఎముకలను చక్కగా చూపుతుంది గాని, తిత్తి, స్నాయువుల వంటి మెత్తని భాగాల స్థితిని చెప్పజాలదు. ఇక్కడనే అతిధ్వనులు అక్కరకు వస్తాయి.

సెకనుకు 20,000 కంపనాలు మించిన ధ్వనిని మన చెవి వినలేదు. భుజాన్ని పరీక్షించే ధ్వనికి సుమారు కోటి కంపనాలు! కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అట్టి పదార్థానికే విద్యుత్తు నిస్తే కంపించి ధ్వని పుట్టిస్తుంది. చర్మంపై ఆనించిన పరికరం నుండి ఈ ధ్వని సెకనుకు 1540 మీటర్ల వేగంతో లోనికి పోయి, పొర పొర వద్దా కొంత ప్రతిధ్వనించి తిరిగి వస్తుంది. ఒక సెంటీమీటరు లోతుకు పోయి రావడానికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతులు పదమూడు మాత్రమే. ఆ కాలాన్ని బట్టి యంత్రం లోతును లెక్కగట్టి బొమ్మ గీస్తుంది.

జబ్బ ఎముకకు కాకిముక్కు వలె వంగిన కొన ఒకటి ఉన్నది. దాని నుండి భుజాస్థికి పోయే బంధనం ఈ వ్యాధిలో దళసరెక్కుతుంది. చంక వైపు తిత్తి కూడ అంతే. రెండవ భుజాన్ని కూడ చూచి పోల్చితే తేడా తెలుస్తుంది. ఆ బంధనం పరిసరాలలో నెత్తురు ప్రవాహం పెరిగితే డాప్లర్ పద్ధతిలో రంగులుగా కనిపిస్తుంది. స్నాయువు చిరిగినదీ లేనిదీ అదే పరీక్షలో తేలుతుంది. నిశ్చల చిత్రాలకు లేని సౌకర్యం మరొకటి: చేతిని కదిలిస్తూ స్నాయువు జారడాన్ని అప్పటికప్పుడే చూడవచ్చు.

కాని ఎముక ధ్వనిని తన వెనుకకు దాదాపు పోనివ్వదు. దాని వెనుక అంతా నీడే. కనుక కీలు లోతట్టు భాగం కనబడదు. తొలి దశలో మార్పులు స్వల్పంగా ఉండవచ్చు. పరికరం పట్టిన చేతి నేర్పును బట్టి కూడ బొమ్మ మారుతుంది. అందువల్ల బొమ్మ బాగున్నదని చెప్పి బిగిసిన భుజాన్ని ఆరోగ్యమైనదని అనరాదు. చేతిని తిప్పి చూచే పాత పరీక్షదే ఇప్పటికీ అగ్రస్థానం.

కీలులోకి మందు ఎక్కించవలసి వస్తే, సూది మొన ఎక్కడికి చేరినదో ఈ బొమ్మలోనే చూస్తూ వైద్యులు ఎక్కిస్తున్నారు.