పింఛన్లు పంచే చేతికి పింఛను లేదు

నవంబరు వస్తోందంటే మా అత్తమ్మకు ఒకటే బెంగ. "నేను బతికే ఉన్నానని కాయితం పంపిన్రా లేదా?" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతుంది. ఎనభై దాటినవాళ్లు అక్టోబరులోనే ఇవ్వొచ్చని చెప్పినా వినదు. మా మామయ్య ఆర్‌.ఎమ్‌.ఎస్‌.లో సార్టరు. రాత్రంతా రైల్లో నిలబడి ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఆయన పోయాక అత్తమ్మకు కుటుంబ పింఛను వస్తోంది. ఆ డబ్బుతోనే ఆవిడ మందులూ, మనవరాళ్ల గాజులూ. కొడుకు ముందు చెయ్యి చాచే అవసరం ఆవిడకి రాలేదు.

మొన్న ఆ కాయితం పని చూడ్డానికి మా ఊరి పోస్టాఫీసు అమ్మాయి ఇంటికే వచ్చింది. ఫోనూ, వేలిముద్ర మిషనూ తెచ్చింది. డెబ్భై రూపాయలు ఫీజు. అత్తమ్మ వేళ్లు అరిగిపోయాయి కదా, మిషను ఒప్పుకోలేదు. "ఇంకో వేలు పెట్టు అవ్వా" అంటూ ఓపిగ్గా కూర్చుంది. టీ ఇస్తూ నేనన్నాను, "నీకేం తల్లీ, సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, ముసలితనానికి ఢోకా లేదు."

"మాకు పింఛనెక్కడిది పెద్దమ్మా?" అని నవ్వింది.

నాకు సిగ్గనిపించింది. పోస్టాఫీసు జీతంతో నడిచిన ఇంట్లో ఉండి నాకీ సంగతి తెలియదు!

మావారి స్నేహితుడొకాయన తపాలా అకౌంట్సులో చేసి రిటైరయ్యారు. ఆయన్నడిగాను. స్టాంపులూ, స్పీడ్‌పోస్టూ, పార్శిళ్ల మీద వచ్చేది ఒక ఆదాయం. మనం పొదుపు ఖాతాల్లో దాచుకునే డబ్బు తపాలా శాఖది కాదట. అది ప్రభుత్వానిది. ఆ ఖాతాలు నడిపినందుకు ఆర్థికశాఖ ఏటా ఈ శాఖకి కూలి చెల్లిస్తుంది. ఇవన్నీ కలిపినా ఖర్చుకి చాలవు. అర్ధరూపాయి కార్డు చేర్చడానికి అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. తక్కువ పడింది కేంద్ర బడ్జెట్టు భరిస్తుంది. ఖర్చులో సింహభాగం జీతాలూ, పింఛన్లే. మామయ్య పింఛను కోసం ఎవరూ ముందుగా హుండీలో వేసి ఉంచలేదు. ఏ ఏటి పింఛను ఆ ఏటి ఖర్చులోంచే.

2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకి పద్ధతి మారింది. జీతంలో పది శాతం కోస్తారు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. అది మార్కెట్టుని బట్టి పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌ నుంచి హామీ పింఛను కోరుకునే వీలు కూడా ఇచ్చారు. ఇదంతా శాఖ ఉద్యోగులకి.

మా అమ్మాయి గ్రామీణ డాక్ సేవక్. వెనకట ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ అనేవారు. ఇలాంటివాళ్లు దేశంలో రెండు లక్షల పైమాటే. లెక్కకి రోజుకు నాలుగైదు గంటల పని. 2018లో నిర్ణయించిన ప్రకారం బ్రాంచి పోస్టుమాస్టరుకి నాలుగు గంటలకి 12,000, అయిదు గంటలకి 14,500 మూలభత్యం, దాని మీద కరువుభత్యం. భత్యమే సుమండీ, జీతం అనరు. వేరే జీవనాధారం ఉంటేనే ఈ కొలువు అన్నది నిబంధన. అందుకే పింఛను లేదు. 1977లో రాజమ్మ అనే ఆవిడ కేసులో సుప్రీంకోర్టు వీళ్లది సివిల్ పోస్టేనంది. ఇష్టమొచ్చినట్టు తీసేయకుండా రక్షణ దొరికింది గానీ పింఛను రాలేదు. అరవై అయిదేళ్లకి దిగిపోయేటప్పుడు కొంత గ్రాట్యుటీ, 2011లో పెట్టిన పథకం కింద నెలనెలా జమైన సొమ్మూ. అంతే.

"మీకు వేరే ఆధారం ఏముంది?" అనడిగాను.

"ఎకరం చెలక ఉన్నది పెద్దమ్మా. వానొస్తే ఆధారం."

పోస్టాఫీసు నడిచేది ఆ అమ్మాయి ఇంటి ముందు గదిలోనే. ఊళ్లో ముసలివాళ్ల పింఛన్లూ, ఒంటరి ఆడవాళ్ల పింఛన్లూ ఆ గదిలోనే లెక్కపెట్టి ఇస్తుంది. నాలుగు గంటలనేది కాయితం మీదే. రాత్రి ఎనిమిదింటికి కూడా తలుపు తట్టేవాళ్లుంటారు.

ఉంగరం వేలితో మిషను ఒప్పుకుంది. అత్తమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతదాకా మా మాటలు వింటూనే ఉన్నట్టుంది, "నీకిప్పుడు ఎన్నేండ్లు బిడ్డా?" అనడిగింది.

"ముప్పై తొమ్మిది అవ్వా."

అత్తమ్మ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, కొంగుముడి విప్పి డెబ్భై రూపాయలకి ఇంకో ముప్పై కలిపి అందించింది. ఆ అమ్మాయి డెబ్భై తీసుకుని రశీదు ఇచ్చి, మిగతా నోట్లు ఆవిడ చేతిలోనే పెట్టి, ఇంకా రెండిళ్లు ఉన్నాయంటూ చెప్పులేసుకుంది.