శాస్త్రము రాచకొండది, పాట నేలకొండపల్లిది

త్రిపురారము మొదలుకొని మిర్యాలగూడెము, కోదాడ, సూర్యాపేటల వఱకు గల పల్లెలను నేడు చూడబోవు వానికి మొదట కంటబడునది వరిపైరు. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువలకు విడువబడిన పిదప, ఎడమ కాలువ ఈ ప్రాంతపు మెట్టనేలను మాగాణిగ మార్చినది. మిర్యాలగూడెపు మిల్లులలో ఆడిన బియ్యము దూరదేశములకు పోవుచున్నది. ఇది సంతోషింపదగిన అభివృద్ధియే. కాని యొక జాతి సంపద గాదెలలోని ధాన్యముతోనే ముగియదు. ఈ నేలయు దీని పొరుగు సీమలును భారతీయ సంగీతమునకు రెండు గొప్ప కానుకల నిచ్చినవి. ఒకటి శాస్త్రము, రెండవది పాట. ఆ రెంటిలో ఒక్కదానినైనను మన పాఠశాలలలోని బాలబాలికలకు సక్రమముగ అందించుచున్నామా యని ప్రశ్నించుకొనవలసిన సమయము వచ్చినది.

మొదట శాస్త్రము మాట. దేవగిరి యాదవరాజగు సింఘణుని యాస్థానమున, 13వ శతాబ్ది పూర్వార్ధమున, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. ఆయన తాత కాశ్మీరము నుండి దక్షిణమునకు వలస వచ్చినవాడు. ఉత్తర దక్షిణ సంప్రదాయములు రెండును నేటికిని ప్రమాణముగ గైకొను గ్రంథమిది. స్వరము, రాగము, ప్రకీర్ణకము, ప్రబంధము, తాళము, వాద్యము, నర్తనము అను ఏడధ్యాయములలో నాటి సంగీతమంతయు ఇందు ఇమిడియున్నది. దీనికి ప్రసిద్ధములైన సంస్కృత వ్యాఖ్యలు రెండు. అందు కల్లినాథుని కళానిధి విజయనగర కాలమునాటిది. అంతకు ముందే పుట్టిన సుధాకరమను వ్యాఖ్య 14వ శతాబ్దమున రాచకొండ నేలిన రేచర్ల పద్మనాయక ప్రభువు సింగభూపాలునిదని పండితులు నిర్ణయించిరి. రాచకొండ నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విభజించువఱకు రాచకొండయు, సూర్యాపేటయు, త్రిపురారమును ఒక్క నల్లగొండ జిల్లాలోనివే.

శార్ఙ్గదేవుడు స్వరాధ్యాయమున చెప్పిన ప్రయోగమొకటి చూడుడు. ఒక్క తీరున చేసిన రెండు వీణలు తీసికొని ఒక్కొక్కదానికి 22 తంత్రులు కట్టవలెను. మొదటి తంత్రిని మిక్కిలి మంద్రముగ శ్రుతి చేసి, తరువాతి వానిని ఒకదాని కంటె నొకటి కొంచెము హెచ్చుగ, నడుమ మఱియొక నాదమునకు తావు లేకుండ, బిగించుచు పోవలెను. కదలింపరానిది ధ్రువవీణ, రెండవది చలవీణ. చలవీణయందలి స్వరములను శ్రుతి చొప్పున నాలుగు మారులు దింపవలెను. రెండవ మారు దింపగానే దాని గాంధార నిషాదములు ధ్రువవీణయందలి రిషభ ధైవతములలో కలిసిపోవును. మూడవ మారు రిషభ ధైవతములు షడ్జ పంచమములలో కలియును. నాలుగవ మారు షడ్జ మధ్యమ పంచమములు తమ క్రింది స్వరములైన నిషాద గాంధార మధ్యమములలో కలియును. కావున గాంధార నిషాదములకు రెండేసి, రిషభ ధైవతములకు మూడేసి, షడ్జ మధ్యమ పంచమములకు నాలుగేసి శ్రుతులు. నాలుగును ఆఱును పండ్రెండును కలిపిన 22. నమ్ముమని చెప్పక, చేసి వినుమని చెప్పు శాస్త్రమిది. చెవియే ఇందు సాక్షి. మన పూర్వులకు పరీక్షాదృష్టి లేదనువారు ఈ యొక్క ఘట్టమును చదివిన చాలును.

రాజ్యభారమును మోయుచు ఇట్టి గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసిన ప్రభువు మనవాడు. ఆ వ్యాఖ్యను కళానిధితో గూడ అడయారు గ్రంథాలయమువారు 1943 నుండి సంపుటములుగ ప్రకటించిరి. పండితులు దానిని చదివిరి. విశ్వవిద్యాలయములు దానిని నిలుపుకొన్నవి. కాని రాచకొండ శిథిలములను చూడబోవు మన యువకులలో ఎందఱికి ఆ పేరు తెలియును? కోటను చూతురు, గుట్టనెక్కుదురు, ఛాయాచిత్రములు తీసికొందురు. ఆ కోటలో స్వరములను గూర్చి విచారణ జరిగెనని చెప్పువారు లేరు.

ఇక పాట మాట. కోదాడకు సమీపమున, ఖమ్మము జిల్లాలో, నేలకొండపల్లి యున్నది. 17వ శతాబ్దమున కంచెర్ల గోపన్న పుట్టిన యూరది. ఆయన పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాచలమున రామునికి గుడి కట్టించి, అబుల్ హసన్ తానీషా ప్రభుత్వమున (1672–1687) గోలకొండ చెఱసాలలో బాధలుపడి, రామదాసుగ లోకమున నిలిచెను. ఆయనకు శాస్త్రగ్రంథము వ్రాయవలెనను తలంపు లేదు. ఆయన చేసినది మొఱ. అది రాముని ప్రార్థించినది, దెప్పినది, లెక్క యడిగినది, మరల ఆయన కాళ్లమీదనే పడినది. ఇంటిలో తెలుగువాడు మాటలాడు తీరుననే దేవునితో మాటలాడినందున ఆ కీర్తన భజనమందిరములలో నోటినుండి నోటికి నడిచినది. తిరువయ్యాఱున త్యాగరాజు (1767–1847) తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఆ కీర్తనలను పాడి ఇంటింటికి చేర్చెను. తమిళదేశపు సభలలో తెలుగుపాట నేడు మాన్యమై యున్నదన్న, దాని పునాదిలో నేలకొండపల్లి ఱాయి యొకటి కలదు.

ఈ రెంటిని వేఱుచేసి చూచుటయే మన దోషము. శాస్త్రకారులు అట్లు చూడలేదు. వారు మార్గమని, దేశియని సంగీతమును రెండుగ విభజించి, జనులకు ఆయా దేశములలో రుచించినదానిని దేశి యనిరి. దానికిని లక్షణము వ్రాసిరి. కాకతి గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 1253–54లో రచించిన నృత్తరత్నావళిలోను దేశినృత్తములకు విరివిగ చోటు కలదు. వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలుగ చేసినది ఆ శాస్త్రమే. ఆ నాలుగును మన పల్లెలోనే కలవు. తంత్రులు గల కిన్నెర తతము. పెండ్లి పందిటిలోని సన్నాయి సుషిరము. చర్మము మూసిన డప్పు, డోలు, ఒగ్గు అవనద్ధములు. భజనలోని తాళములు ఘనము. సూర్యాపేట చెంత దురాజుపల్లిలో రెండేండ్ల కొకమారు జరుగు పెద్దగట్టు జాతరలో భేరులు మ్రోగునప్పుడు విను చెవి గలవానికి అదియు వాద్యాధ్యాయమే. ఒగ్గు యనగా శివుని డమరుకము. త్రిపురారమను పేరు వినగానే త్రిపురారి తలపునకు వచ్చును. ఆయన చేతివాద్యమును పట్టి కథ చెప్పు గాయకుని మాత్రము మనము శాస్త్రమునకు వెలుపల నిలిపితిమి.

వెలుపల నిలిపినది వాద్యమును మాత్రమే కాదు, మనుష్యుని గూడ. కిన్నరి వీణను రత్నాకరము లఘ్వి, బృహతి యను భేదములతో వర్ణించినది. ఆ జాతి వాద్యమును తెలంగాణమున తరతరములుగ కాపాడుకొని వచ్చినవారు డక్కలివారు; ఊరికి దూరముగ ఉంచబడినవారు. వీణకు దసరానాడు పూజ చేసితిమి. కిన్నెరను భిక్షాపాత్రతో సమానముగ చూచితిమి. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. అది గౌరవమే. కాని ఒక కళాకారుని సన్మానించుటతో ఒక విద్య బ్రదుకదు. దానిని నేర్చుకొను శిష్యుడును, నేర్పు గురువునకు నెలనెల జీతమును ఉన్నప్పుడే బ్రదుకును.

పల్లెవాద్యములకు శాస్త్రమెందుకని యొకరు, పల్లెబాలురకు శాస్త్రీయ సంగీతమెందుకని యొకరు అనవచ్చును. ఇద్దఱిది ఒక్క పొరపాటే. లక్షణము లేని లక్ష్యము కాలక్రమమున చెదరిపోవును. లక్ష్యము లేని లక్షణము పుస్తకములలో ఎండిపోవును. రామదాసు పేర సంగీత నృత్య కళాశాల సికింద్రాబాదులో నున్నది. త్యాగరాజు పేర మఱియొకటి హైదరాబాదులో నున్నది. ఉండవలసినవే. కాని త్రిపురారపు బాలిక యొకతె స్వరము నేర్వగోరిన, అంత దూరము పోగల శక్తి ఆమె తలిదండ్రులకు ఉండునా?

మనము కోరునవి అసాధ్యములు కావు. మండలమున కొక్క ఉన్నతపాఠశాలయందైనను సంగీతోపాధ్యాయుని నియమింపవలెను. ఒగ్గు, కిన్నెర, సన్నాయి వాయించువారిని వారమున కొక్క దినమైనను ఆ పాఠశాలకు రప్పించి, వేతనమిచ్చి, పిల్లలకు నేర్పింపవలెను. సింగభూపాలుని వ్యాఖ్యలోని ముఖ్యభాగములను బాలురకు తెలియు తెలుగున అచ్చొత్తించి పంచిపెట్టవలెను. ప్రభుత్వము చేయునందాక ఊరివారు ఊరకుండ నక్కఱలేదు. రామమందిరము లేని పల్లె అరుదు. సాయంకాలము దాని తలుపులు తీసి పది మంది పిల్లలను కూర్చుండబెట్టుటకు ఎవరి యనుమతి కావలెను?

సాగరము నీరు తనంత తాను పొలమునకు రాలేదు. ఆనకట్ట కట్టిరి, కాలువ త్రవ్విరి, తూము పెట్టిరి, పిదప పొలము తడిసినది. సంగీతము నంతే. రాచకొండలోను నేలకొండపల్లిలోను నీరున్నది. కాలువ త్రవ్వు పని మనది.