కంట్రోల్ ప్యానెల్‌కు ఏ వైరు వాడాలి?

నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా మా సామాన్ల లారీలోకి ఒక ప్లైవుడ్ పెట్టె కూడా ఎక్కుతుంది. అది అన్నయ్యా నేనూ కలిసి చేసుకున్న ఆర్కేడ్ కంట్రోల్ ప్యానెల్. ఒక జాయ్‌స్టిక్, ఆటకు ఆరు బటన్లు, స్టార్ట్, కాయిన్ బటన్లు రెండు, లోపల చిన్న ఎన్‌కోడర్ బోర్డు. యు.ఎస్.బి. తీగ కంప్యూటర్‌కు తగిలిస్తే పాత ఆటలన్నీ ఆడుకోవచ్చు.

విశాఖపట్నంలో చక్కగా పనిచేసింది. జోధ్‌పూర్ చేరాక పెట్టె విప్పి చూస్తే మూడు బటన్లు పలకలేదు. జాయ్‌స్టిక్ ఎడమవైపుకు పోనంది. బటన్లే పాడయ్యాయనుకుని కొత్తవి కొనబోయాం. కానీ తెగింది లోపలి వైరు.

మేము చేసిన తప్పు చెబుతాను. ఇంట్లో మిగిలిన నెట్‌వర్క్ కేబుల్‌ను చీల్చి, అందులోని ఎనిమిది రంగుల తీగలు వాడాం. ఖర్చు లేదు, చూడ్డానికీ బాగుంది! అయితే గోడల వెంట వేసే ఆ కేబుల్‌లో ఒక్కో తీగా ఒంటి రాగి కడ్డీలాంటిది. కదలకుండా ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. పదేపదే వంచితే మాత్రం వంగినచోటే పుటుక్కుమంటుంది. లారీ కుదుపులకు మా తీగలు లగ్గుల మెడ దగ్గరే విరిగాయి. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉండటంతో చూస్తే తెలియలేదు. మల్టీమీటర్ పెట్టి, తీగను కొంచెం కదిపి చూస్తేనే దొంగ దొరికాడు.

అందుకే సన్న పోగులు కలిపి పేనిన వైరే కావాలి. మన దుకాణాల్లో 7/36, 14/36 అని అడిగితే ఇస్తారు. మొదటి అంకె పోగుల సంఖ్య. రెండోది ఒక్కో పోగు గేజి. గేజి అంకె పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది. 36 గేజి పోగు మందం సుమారు 0.19 మిల్లీమీటర్లు.

మరి లావుపాటి వైరు వేస్తే బటన్ ఇంకా బాగా పనిచేస్తుందా? పదో తరగతి ఓమ్ సూత్రంతోనే తేల్చవచ్చు. బోర్డు ఇచ్చేది 5 వోల్టులు, దారిలో 10,000 ఓముల నిరోధం ఉందనుకుందాం. బటన్ నొక్కితే పారే కరెంటు అర మిల్లీఆంపియరు. మామూలు 22 గేజి రాగి వైరు రెండు మీటర్లకు నిరోధం 0.1 ఓము. అంటే వైరులో పోయేది వోల్టులో ఇరవై వేలవ వంతు! కరెంటు కోసం లావు అక్కర్లేదు. ఇంటి వైరింగ్‌లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెస్తే అది బిర్రుగా ఉండి బటన్ల మధ్య వంగదు, పెట్టె మూత కూడా పడదు.

అలాగని మరీ సన్నదీ వద్దు. బటన్ కాలికి తొడిగే ఎర్ర తొడుగు లగ్గు సాధారణంగా 0.5 నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు చేసినది. 7/36 వైరులో రాగి 0.2 మాత్రమే కనుక ఎంత నొక్కినా జారిపోతుంది. 14/36 వైరు కొనస తొడుగు తీసి, పోగుల్ని మెలిపెట్టి వెనక్కి మడిచి దూర్చితే గట్టిగా పట్టింది. లగ్గు కొనేముందు బటన్ కాలి వెడల్పు కొలవండి. 4.8, 6.3 మిల్లీమీటర్లు రెండు రకాలూ దొరుకుతాయి, ఒకదానిది ఇంకోదానికి సరిపడదు. మేము రెండుసార్లు బజారుకు తిరిగాం. బోర్డుకు స్క్రూ బిగింపులుంటే ఆ కొనకు సోల్డరు పూయకండి. సోల్డరు మెత్తనిది, ఒత్తిడికి అణగి కొన్నాళ్లకు బిగింపు వదులవుతుంది.

జాయ్‌స్టిక్‌లో నాలుగు స్విచ్‌లు, బటన్లు ఎనిమిది, మొత్తం పన్నెండు. ప్రతి స్విచ్‌కూ ఒక సిగ్నల్ వైరు వేరుగా ఉండాలి. రెండో కాలికి గ్రౌండ్ మాత్రం ఒకే నల్ల వైరును దండలా ఒకదాన్నుంచి ఒకదానికి వేసుకోవచ్చు. దండ చివరను కూడా తిరిగి బోర్డుకే కలిపితే మధ్యలో ఒకచోట తెగినా బటన్లన్నీ పనిచేస్తాయి. ఈ కిటుకు అన్నయ్యది.

ఇదంతా 5 వోల్టుల పని కాబట్టే పిల్లలం చేయగలిగాం. పెట్టెలోకి 230 వోల్టుల తీగ దేన్నీ రానివ్వకండి, అలంకరణ దీపానికైనా సరే.

ఇప్పుడు ఏ బటన్‌కు ఏ రంగో రాసిన కాగితం మూత లోపల అంటించాం. అన్నయ్య కాలేజీ హాస్టల్‌కు వెళ్లిపోయాడు. వచ్చే బదిలీకి పెట్టె విప్పి సరిచూసేది నేనే.