బోస్టన్ బస్సులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వర్ణవివక్ష దక్షిణాదికే పరిమితమైన దురాచారమని చాలామంది భావించేవారు. బానిసత్వ నిర్మూలనోద్యమానికి పుట్టినిల్లు వంటి బోస్టన్ నగరమే ఆ భ్రమను తొలగించింది.

నల్లజాతి బాలలకు వేరుగా పాఠశాలలు నడపడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం బ్రౌన్ కేసులో తీర్పు చెప్పింది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రమైతే 1855లోనే అటువంటి వేర్పాటును నిషేధించింది. చట్టం కాదన్న పనిని నగర పాఠశాలా సంఘం హద్దుల మాటున చేసింది. రాక్స్‌బరీలో నల్లజాతివారు, దక్షిణ బోస్టన్‌లో ఐరిష్ సంతతి శ్రామికులు అధికం. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో సంఘమే నిర్ణయించేది. ఫలితంగా నల్లజాతి పిల్లల బడులు కిక్కిరిసి ఉండగా, మరికొన్ని బడులలో స్థానాలు ఖాళీగా ఉండేవి.

1965లో రాక్స్‌బరీ తల్లిదండ్రులు ఎలెన్ జాక్సన్ నాయకత్వంలో చందాలు పోగుచేసి, బస్సులు మాట్లాడుకొని, తమ పిల్లలను ఆ ఖాళీ స్థానాలున్న బడులకు పంపారు. న్యాయస్థానం కన్న ముందే బస్సు నడిపినవారు కన్నవారన్నమాట! సరిదిద్దవలసిందిగా అదే ఏడు రాష్ట్రం చట్టం చేసినా సంఘం తొమ్మిదేళ్లు తాత్సారం చేసింది.

సంఘం తెలిసి తెలిసి వేర్పాటును పోషించిందని 1974 జూన్ 21న న్యాయమూర్తి ఆర్థర్ గారిటీ తీర్పు చెప్పి, పిల్లలను బస్సులలో ఇతర ప్రాంతాల బడులకు పంపవలసిందిగా ఆదేశించారు. సెప్టెంబరు 12న బడులు తెరిచారు. దక్షిణ బోస్టన్‌లో నల్లజాతి పిల్లల బస్సులపై రాళ్లు పడ్డాయి. అద్దాలు పగిలి పిల్లలు గాయపడ్డారు. బడికి బస్సులో వెళ్లడం అమెరికాలో కొత్త కాదు. పక్కన కూర్చునేది ఎవరన్నదే అసలు అభ్యంతరం. 1976 ఏప్రిల్‌లో పురపాలక భవనం ఎదుట టెడ్ ల్యాండ్స్‌మార్క్ అనే నల్లజాతి న్యాయవాదిపై జాతీయపతాకపు కర్రతో దాడి జరిగింది. ఆ ఛాయాచిత్రానికి మరుసటి సంవత్సరం పులిట్జర్ బహుమతి లభించింది.

అయితే నిరసించినవారి కోపంలో కొంత న్యాయం కూడా లేకపోలేదు. డెట్రాయిట్ కేసులో 1974 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల సంపన్నుల శివారు ప్రాంతాలు ఇటువంటి ఏర్పాట్లకు వెలుపలే ఉండిపోయాయి. భారమంతా ఇరుజాతుల పేదలపై పడింది. స్తోమత గల శ్వేతజాతి కుటుంబాలు శివార్లకో, ప్రైవేటు బడులకో తరలిపోయాయి. పిల్లల కేటాయింపులో జాతిని లెక్కించడం మానాలని 1999లో పాఠశాలా సంఘం తీర్మానించేనాటికి, నగర ప్రభుత్వ బడులలో శ్వేతజాతి విద్యార్థులు ఐదవ వంతు కూడా లేరు.