చెర్నోబిల్ నేలమాళిగలో మువ్వురు

చెర్నోబిల్ ప్రమాదమును గూర్చి లోకమున వ్యాపించిన గాథలలో మిక్కిలి హృదయవిదారకమైనది ముగ్గురు ఈతగాండ్ర గాథ. మృత్యువు తథ్యమని యెఱిగియు వారు విషజలములో మునిగి, వాల్వులు విప్పి, ఐరోపా ఖండమును రక్షించి, కొలది వారములలోనే రేడియేషన్ వలన ప్రాణములు విడిచి, సీసపు పేటికలలో సమాధి చేయబడిరని ఆ గాథ చెప్పును. పుస్తకములలోను పత్రికలలోను ఇది ఏండ్ల తరబడి ఇట్లే సాగివచ్చినది. కాని ఆ మువ్వురును బ్రతికి బయటపడిరి. వారు చేసిన పని యెట్టిదో తెలిసికొనదలచినవారు మొదట ఈ మరణగాథను తొలగించి చూడవలెను.

1986 ఏప్రిల్ 26వ తేదీ రాత్రి 1 గంట 23 నిమిషములకు, నాటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్‌లో, ప్రిప్యత్ పట్టణము చెంతనున్న అణువిద్యుత్కేంద్రమున భద్రతాపరీక్ష యొకటి జరుగుచుండగా నాలుగవ రియాక్టరు అదుపు తప్పి పేలిపోయెను. మొదట అచ్చటికి పరుగెత్తి వచ్చిన అగ్నిమాపక సిబ్బందికి రేడియేషన్‌ను అడ్డుకొను దుస్తులు లేవు. పైకప్పుపై మంటలార్పుచు వారు పీల్చినదేమో, త్రొక్కినదేమో వారికి తెలియదు. వారి నాయకులలో ఇరువురు, వొలొదిమిర్ ప్రావిక్, విక్టర్ కిబెనోక్, మే 11వ తేదీన మాస్కో ఆసుపత్రిలో మరణించిరి. తీవ్రమైన రేడియేషన్ వ్యాధి సోకినట్లు నిర్ధారణయైనవారు 134 మంది. అందులో 28 మంది కొలది నెలలలోనే గతించిరి. నిజముగా మరణించినవారి పేర్లు మరుగునపడి, మరణింపనివారి మరణము ప్రసిద్ధమగుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

పైకప్పు మంటలు చల్లారిన పిమ్మట అంతకంటె గూఢమైన భయ మొకటి తలయెత్తెను. హెలికాప్టర్ల నుండి ఇసుక, బంకమన్ను, సీసము, బోరాన్ కలిసిన పదార్థములు మొదలైనవి సుమారు 5,000 టన్నులు రియాక్టరుపై కురిపించిరి. క్రింద మాత్రము అణు ఇంధనము, కాంక్రీటు, లోహము ఏకమై కరగి, లావావలె నేలను తినుచు క్రిందికి దిగుచుండెను. ఆ రియాక్టరునకు అడుగున, గొట్టము పగిలినప్పుడు వెలువడు ఆవిరిని చల్లార్చుటకై నిర్మించిన విశాలమైన నీటితొట్టి గలదు. మంటలార్పుటకు పోసిన నీరును, పగిలిన గొట్టముల నీరును చేరి ఆ నేలమాళిగలు నిండియుండెను. సలసల కాగు నూనెలో తడిగరిటె పెట్టినప్పుడు వంటయింట నేమగునో యెల్లరకు తెలిసినదే. నీరు ఒక్కసారిగా ఆవిరియై వేయి రెట్లకు మించి వ్యాకోచించును. వేల డిగ్రీల వేడిగల ఆ ద్రవము నీటిలో పడినచో మఱియొక పేలుడు సంభవించి, మిగిలిన రేడియోధార్మిక పదార్థమును ఆకాశమునకు ఎగజిమ్మునేమోయని శాస్త్రజ్ఞులు భయపడిరి. ఖండమంతయు నశించెడిదనుట అతిశయోక్తియే. కాని మొదటి పేలుడు వెదజల్లినదే దేశదేశములకు వ్యాపించియుండగా, రెండవదానిని ఎదురుచూచుచు ఊరకుండుట ఎవరికి సాధ్యము?

నీరు పోవుటకు మార్గమొకటే: తొట్టి వాల్వులు తెరువవలెను. అవి నీట మునిగిన చీకటి నడవలో నుండెను. అవి యెచ్చట నున్నవో తెలిసిన ఇంజనీరు అలెక్సీ అననెంకో. ఆయనతో వలేరీ బెస్పాలోవ్ అను మఱియొక ఇంజనీరును, షిఫ్టు అధికారి బోరిస్ బరానోవును బయలుదేరిరి. అగ్నిమాపకదళము అప్పటికే కొంత నీటిని తోడివేసినందున వారు ఈదవలసిన పని లేకపోయెను. నీటిలో తడిసిపోకుండ తగిన దుస్తులు ధరించి, రేడియేషన్ కొలుచు డోసిమీటర్లు తగిలించుకొని, దీపములు పట్టుకొని మోకాలిలోతు నీటిలో నడచిరి. ఒకేవిధముగ కనబడు గొట్టముల గుంపులో తమకు కావలసిన గొట్టమును గుర్తించి, దాని వెంట సాగి వాల్వులను చేరిరి. అవి బిగిసిపోయియుండునేమో యను శంక యుండెను. అవి తిరిగెను. నీరు దిగుచున్న చప్పుడు వారికి వినబడెను. అటుపిమ్మట అగ్నిమాపకులు సుమారు 20,000 టన్నుల నీటిని బయటికి తోడిరి.

వీరిని స్వచ్ఛంద వీరులనవచ్చునా? తాను చేసినది తన ఉద్యోగధర్మమేనని అననెంకో తరువాతి కాలమున పలుమార్లు చెప్పియున్నాడు. ఈ మాటలో వినయము కలదు, యథార్థమును కలదు. ఆ వాల్వుల నెఱిగినవాడు తానగుటచేత వెళ్ళవలసినవాడును తానే యయ్యెను. అపాయమెంతో సంఖ్యలలో తెలిసినవాడు దానిలోనికి నడచుట, ఆవేశముచే దూకుటకంటె దుష్కరమని నా విశ్వాసము. అచ్చటి శ్రామికులందరికి ఎంచుకొను స్వేచ్ఛ లభింపలేదని కూడ చెప్పవలెను. రియాక్టరు క్రింద శీతలీకరణ వేదిక కట్టుటకై దొనెత్స్క్, తూల ప్రాంతములనుండి వచ్చిన సుమారు 400 మంది గనికార్మికులు భరింపరాని ఉక్కలో సొరంగము త్రవ్విరి. కరగిన ఇంధనద్రవము దానంతట అదియే గడ్డకట్టుటచేత ఆ వేదిక పనికి రాకపోయెను. రేడియేషన్‌చే యంత్రములే పాడగు పైకప్పుమీద యువసైనికులు నిమిషము రెండు నిమిషములు మాత్రమే నిలిచి శకలములను పారలతో క్రిందికి త్రోసిరి. ఈ శుద్ధికార్యమున పాల్గొన్నవారు ఆఱు లక్షల మంది యని లెక్క; వారిలో తాముగా వచ్చినవారును, ఆజ్ఞచే వచ్చినవారును కలిసియే యున్నారు. ఎవరు పోవలెనను ఈ ప్రశ్నయే తరువాతను తలయెత్తినది: 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్కేంద్ర ప్రమాదానంతరము యసుతెరు యమదా అను 72 ఏండ్ల విశ్రాంత ఇంజనీరు, క్యాన్సర్ బయటపడుటకు దశాబ్దములు పట్టును గాన యువకులకు బదులు తమవంటి వృద్ధులు పోవుటయే న్యాయమని వాదించి, తోటివారిని కూడగట్టెను.

తరువాతి పరిశోధకులు చెర్నోబిల్ నీటితొట్టి గదులలో గడ్డకట్టిన ఇంధనద్రవమును కనుగొనిరి: అది నిజముగానే అచ్చటికి దిగివచ్చినది. బరానోవ్ 2005లో హృద్రోగముతో మరణించెను. అననెంకో అణురంగముననే ఉద్యోగము కొనసాగించెను. ఉక్రెయిన్ అధ్యక్షుడు 2018లో ఆ మువ్వురికి సాహసపురస్కారము ప్రకటించెను. బరానోవునకు అది మరణానంతరము లభించినది.