ఉద్దీపన, షేర్ మార్కెట్టు, టెలివిజన్

ఆర్థిక ఉద్దీపన అనే మాట ఇటీవలి సంవత్సరాలలో తరచుగా వినబడుతున్నది. ప్రభుత్వం ఏదైనా పెద్ద పథకాన్ని ప్రకటించిన రోజున టెలివిజన్ తెరపై మొదట కనబడేది షేర్ల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగినదనే అంకె. సూచీ పెరిగితే పథకం మంచిదని, తరిగితే చెడ్డదని చూపరులు అనుకొనుట సహజం. పుంగనూరు వంటి పట్టణం నుండి చూచినప్పుడు ఈ కొలబద్ద ఎంతవరకు సరియైనదో విచారించదలచినాము. మన విద్యార్థులలో పలువురు కూలిపని, చిల్లర వ్యాపారం, టమోటా సేద్యంపై ఆధారపడిన కుటుంబాలవారు. కనుక ఇది పాఠ్యపుస్తకానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

వ్యాపారం మందగించి, జనం ఖర్చు పెట్టుటకు జంకుతున్న కాలంలో ప్రభుత్వమే ముందుకు వచ్చి ఖర్చు పెట్టడం, లేదా పన్నులు తగ్గించి ప్రజలచేత ఖర్చు పెట్టించడం ఉద్దీపన అనిపించుకొంటుంది. ఆంగ్ల ఆర్థికవేత్త కీన్స్ 1936లో ప్రచురించిన గ్రంథంలో దీనికి సిద్ధాంతరూపం ఇచ్చినాడు. ఒక కూలీ చేతికి 100 రూపాయలు వచ్చినవనుకొందాం. అందులో 80 రూపాయలు ఆమె దుకాణంలో ఖర్చు చేస్తే అది దుకాణదారునికి ఆదాయం. అతడు అందులో 64 రూపాయలు మరొకరికి ఇస్తాడు. ఇట్లు చేతులు మారుతూ పోగా మొదటి నూరు రూపాయలు చివరకు 500 రూపాయల ఆదాయాన్ని సృష్టిస్తాయి. లెక్క చూచుటకు ముచ్చటగానే ఉన్నది.

అయితే చిన్న పట్టణంలో ఈ లెక్క పూర్తిగా నిలువదు. ఆ 80 రూపాయలలో 50 రూపాయలు నూనె డబ్బాకో, సబ్బుకో, సెల్ ఫోన్ రీచార్జికో పోయి ఊరు దాటిపోతే ఇక్కడ తిరిగేది 30 రూపాయలే. అప్పుడు నూరు రూపాయల వలన ఊరికి కలిగే మొత్తం ఆదాయం సుమారు 143 రూపాయలు మాత్రమే. డబ్బు ఎంత వచ్చినదనే దానితో పాటు, వచ్చిన డబ్బు దేనిమీద ఖర్చయినదనే ప్రశ్న కూడా ముఖ్యమైనదని దీనివలన తెలుస్తున్నది.

ఇక్కడ టెలివిజన్‌నే ఉదాహరణగా తీసుకొనవచ్చును. మన కుప్పానికి పొరుగున ఉన్న తమిళనాడులో 2006 ఎన్నికల తరువాత అక్కడి ప్రభుత్వం పేద కుటుంబాలకు ఉచితంగా కలర్ టెలివిజన్లు పంచినది. పెట్టె ఉచితమే కాని, నెలనెలా కట్టవలసిన కేబుల్ రుసుము ఉచితం కాదు. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలకు మించిన టెలివిజన్లపై జి.యస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. అంతకంటే చిన్నవాటిపై అప్పటికే 18 శాతం ఉండినందున, చిన్న పెట్టెతో సరిపెట్టుకొనే కుటుంబానికి ఆ తగ్గింపు వలన ఒరిగినదేమీ లేదు. పెద్ద పెట్టె కొన్నవాని డబ్బులో పుంగనూరులో మిగిలేది దుకాణదారుని లాభం, బిగించిన మెకానిక్కు కూలి. తెరలోని ముఖ్యభాగమైన ప్యానెల్ చాలామట్టుకు చైనా వంటి దేశాల నుండి వస్తుంది.

దీనికి భిన్నమైనది ఉపాధి హామీ పథకపు కూలి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అప్పటి మన పొరుగు జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో ప్రారంభమైనది. మొదటి విడత జిల్లాలలో చిత్తూరు కూడా ఉండినది. 2020 మే నెలలో, కరోనా కష్టకాలంలో, కేంద్రం ఈ పథకానికి అదనంగా 40,000 కోట్ల రూపాయలు కేటాయించినది. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలు. ఈ కూలి బియ్యానికి, కూరగాయలకు, పాత బాకీకి పోయేది. ఊళ్ళోనే తిరిగే డబ్బు ఇటువంటిదేనని మా అభిప్రాయం.

మరి షేర్ల సూచీ ఏమి చెప్పినది? సెన్సెక్స్ అనేది 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలను బట్టి లెక్కించే అంకె. 1978-79 నాటి విలువను 100గా తీసుకొని 1986 నుండి దీనిని ప్రకటిస్తున్నారు. 2020 మార్చి 23న అది ఒక్కరోజులో 3,934 పాయింట్లు కూలినది. ఆ తరువాత ఏప్రిల్-జూన్ మాసాలలో దేశ ఉత్పత్తి 23.9 శాతం పడిపోయినదని ప్రభుత్వపు తొలి అంచనాయే చెప్పినది. అయినను ఆ డిసెంబరు నెలాఖరుకు సెన్సెక్స్ 47,000 దాటినది! రిజర్వు బ్యాంకు రెపో వడ్డీని 4 శాతానికి తగ్గించినందున డబ్బు చవకైనది. విదేశీ పెట్టుబడి వచ్చినది. షేరు ధర రేపటి లాభాన్ని ఊహించి నడుస్తుంది గాని ఈనాటి ఆకలిని లెక్కించదు. ఆ ముప్ఫై కంపెనీల జాబితాలో మన బజారు వీధి దుకాణాలు లేవు కదా!

ఇంకొక చిత్రమేమనగా, ఆ లాక్‌డౌన్ రోజులలో జనం టెలివిజన్ చూచుట పెరిగినది గాని, ఛానళ్ళకు ప్రకటనలు తగ్గినవి. చూపరుల సంఖ్య వేరు, వారి కొనుగోలు శక్తి వేరు.

తెరపై అంకెలు చూచి పొదుపు సొమ్మును షేర్లలో పెట్టేవారికి 2009 జనవరి 7 గుర్తుండవలెను. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఆనాడు లేఖ ద్వారా ఒప్పుకొన్నాడు. అంతకు ముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగినది. ఇప్పుడైతే సెల్ ఫోన్‌లోనే డీమాట్ ఖాతా తెరవవచ్చును. దేశంలో 2020 మార్చి నాటికి 4 కోట్ల పైచిలుకు ఉన్న ఖాతాలు 2024 నాటికి 15 కోట్లు దాటినవి. మంచి కంపెనీ షేరు కొని ఏండ్ల తరబడి ఉంచుకొనుట ఒక పద్ధతి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే రోజువారీ పందెం వేరు. మూడు సంవత్సరాల లెక్కలు తీసి సెబీ సంస్థ 2024లో ప్రకటించిన ప్రకారం, ఆ పందెంలో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయినారు. కాలేజీ ఫీజుకై దాచిన సొమ్ముతో ఆ వైపు చూచే మిత్రులు ఈ ఒక్క అంకెను రాసిపెట్టుకొనవలెనని కోరుతున్నాము.

పుంగనూరుకు సూచీ ఏదని ఎవరైనా అడిగితే మదనపల్లె మార్కెట్టులోని టమోటా ధర అని చెప్పుటకు మేము సందేహించము. ధర బాగున్న వారం బట్టల దుకాణం, బంగారు అంగడి, ఎరువుల దుకాణంలోని పాత పద్దు అన్నీ కదులుతాయి. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశంలోని టెలివిజన్లన్నీ టమోటాను చూపినవి. సెప్టెంబరు నాటికి ధర ఘోరంగా పడిపోయినది. అప్పుడు ఎత్తుకూలి, బండి బాడుగ, మండీ కమీషను పోగా రైతుకు మిగిలినదెంతో తెర అడుగున ఏ అంకెల వరుసలోను కనబడలేదు.